గ్రేట్ అండమానీ: శరీరమే వ్యాకరణమైన భాష

2010 జనవరి 26న బోవా సీనియర్ కన్నుమూశారు. వయసు సుమారు 85 ఏళ్లు. అండమాన్ దీవుల్లో బో భాష మాట్లాడగల చివరి వ్యక్తి ఆమే. తన భాషలో బదులు పలికే మనిషి లేక ఆమె పక్షులతో మాట్లాడేవారు. పూర్వీకులు కొందరు పక్షులుగా మారారన్నది గ్రేట్ అండమానీయుల నమ్మకం.

ఆమె మాటలు పూర్తిగా పోలేదంటే అందుకు భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి కృషే కారణం. 2005 నుంచి ఆమె బృందం స్ట్రెయిట్ దీవిలోనూ పోర్ట్ బ్లెయిర్‌లోనూ ఈ తెగవారి మాటలు, పాటలు రికార్డు చేసింది. దాని ఫలితంగా వరుసగా పుస్తకాలు వచ్చాయి: సతీష్ పాండేతో కలిసి పక్షుల పేర్లపై 2011లో ఒకటి, 2012లో నిఘంటువు, 2013లో వ్యాకరణం, 2021లో కథలు, పాటల సంకలనం.

వీటిలో సామాన్య పాఠకుడిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది, చిత్రంగా, వ్యాకరణమే. మనం 'నా నోరు' అన్నా 'నా కాలు' అన్నా 'నా' మారదు. గ్రేట్ అండమానీలో అలా కుదరదు. అక్కడ శరీరం ఏడు భాగాలుగా విడిపోతుంది. నోటికి సంబంధించినవి ఒక వర్గం. తల వంటి బయటి ప్రధాన అవయవాలు మరొకటి. వేళ్లు, గోళ్ల వంటి కొసలు, లోపలి అవయవాలు, కాళ్లు, ఇలా ప్రతి వర్గానికీ వేరే ఉపసర్గ ఉంటుంది. మనమూ కుండ మూతి, సీసా మెడ అంటాం. కానీ మనకది ఉపమానం, అంతే. వారికి అది తప్పనిసరి నియమం. నామవాచకాలే కాదు, క్రియలు, విశేషణాలు కూడా ఈ ఉపసర్గలు తగిలించుకుంటాయి. జరావా, ఓంగే భాషలకు ఇది బంధువు కాదని, వేరే కుటుంబమని అబ్బి వాదన.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ కూడా ఈ తెగలను అధ్యయనం చేసింది. కె. తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2005లో 'సైన్స్' పత్రికలో ఓంగే, గ్రేట్ అండమానీయుల మైటోకాండ్రియా డీఎన్ఏ వివరాలు ప్రచురించింది. వారి వంశశాఖలు చాలా ప్రాచీనమైనవని, దీర్ఘకాలం ఒంటరిగా కొనసాగాయని తేల్చింది. అయితే రక్తం చుక్క నుంచి వంశం తెలుస్తుంది కానీ, మనిషి లోకాన్ని ఎలా విభజించి చూశాడో తెలియదు. అందుకు మాట్లాడే మనిషే కావాలి.

అలాంటి మనుషులు త్వరగా తగ్గిపోయారు. 1858లో బ్రిటిష్ వారు ఖైదీల స్థావరం పెట్టేనాటికి ఇక్కడ పది గ్రేట్ అండమానీ భాషలుండేవి. 1877 నాటి తట్టు వంటి రోగాలు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టాయి. మిగిలినవారు ఒకచోట చేరడంతో పుట్టిన మిశ్రమ భాషనే అబ్బి నమోదు చేశారు. దానికి ఆధారం జేరు భాష. అబ్బికి కథలు చెప్పిన నావో జూనియర్ 2009లో పోయారు. సారే భాష తెలిసిన లిచో 2020 ఏప్రిల్‌లో పోయారు. పది కథలు, 46 పాటల సంకలనం ఆ మరుసటి ఏడాది వచ్చింది.

ఈ పుస్తకాల్లో ఆ తెగ పిల్లలకు సులువుగా అందేది నిఘంటువే అనిపిస్తుంది. అందులో ప్రతి మాటకూ ఇంగ్లిష్‌తో పాటు హిందీ అర్థం ఉంది. ఇప్పుడు ఆ ఇళ్లలో వినిపించేది హిందీయే.