తోడెవరని అడగని దారి

“మీతో ఎవరొచ్చారు?” బస్టాండులో అయినా, ఆస్పత్రిలో అయినా ఆడది ఒంటరిగా కనిపిస్తే మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే కదా! ఆ ప్రశ్న అయిదు రోజులపాటు ఒక్కరి నోటా వినపడని దారి ఒకటుంది. స్పెయిన్‌లో వాయవ్య మూలనున్న గలీసియా ప్రాంతంలో, సాంతియాగో నగరానికి వెళ్లే యాత్రామార్గం అది. అక్కడివాళ్లు ‘కామినో’ అంటారు. కామినో అంటే దారి అనే అర్థం. యాభై ఆరేళ్ల వయసులో ఆ దారిలో చివరి 115 కిలోమీటర్లు ఒక్కదాన్నే నడిచి వచ్చాను.

క్రీస్తు పన్నెండుమంది శిష్యుల్లో ఒకరైన యాకోబు సమాధి 9వ శతాబ్దంలో ఇక్కడ బయటపడిందని అక్కడి క్రైస్తవుల నమ్మకం. అప్పట్నుంచీ యూరప్ నలుమూలల నుంచీ జనం నడిచి వస్తూనే ఉన్నారు. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి మొదలుపెడితే సుమారు 780 కిలోమీటర్లు, నెల పైనే పడుతుంది. అంత తీరిక లేని నాలాంటివాళ్లు సారియా అనే ఊళ్లో మొదలుపెడతారు. కనీసం 100 కిలోమీటర్లు నడిస్తే యాత్ర పూర్తి చేసినట్టు పత్రం ఇస్తారు మరి.

నేను క్రైస్తవురాలిని కాను. ఎందుకు వెళ్లానంటారా? మా అత్తగారు పదకొండేళ్లు మంచంలో ఉన్నారు. ఒళ్లు పుండ్లు పడకుండా రోజూ రాత్రి రెండింటికి లేచి ఆమెను పక్కకు తిప్పేదాన్ని. ఆమె పోయి ఏడాది దాటినా ఠంచనుగా రెండింటికి మెలకువ వచ్చేసేది. లేచి కూర్చుంటే చెయ్యడానికి పనేమీ ఉండేది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు తన ఆఫీసులో పనిచేసే ఒకావిడ ఈ యాత్ర గురించి చెప్పింది. పగలంతా నడవడం, రాత్రికి తిని పడుకోవడం, అంతే పని అంది. నాకదే నచ్చింది.

ధైర్యం ఒక్కటే చాలదు

మా అమ్మాయికి మాత్రం గుండెలు గుబగుబలాడాయి. 2015లో ఇదే మార్గంలో, ఆస్తోర్గా ఊరి దగ్గర, ఒంటరిగా నడుస్తున్న ఒక అమెరికా మహిళను ఒక దుర్మార్గుడు చంపేశాడు. ఆ సంగతి చదివి “వద్దమ్మా” అంది. తనకి సెలవు దొరకలేదు. చివరికి రోజూ మధ్యాహ్నం, రాత్రి ఫోన్ చెయ్యాలన్న షరతుతో ఒప్పుకుంది.

వెళ్లాక తెలిసిందేమంటే, అక్కడ ఆడవాళ్లు ఒంటరిగా నడుస్తున్నది ఒక్క ధైర్యంతోనే కాదు. ఏర్పాట్లు అలా ఉన్నాయి. అడుగడుగునా రాళ్లమీద, గోడలమీద, చెట్లమీద పసుపు బాణాలు. 1984లో ఎలియాస్ వాలీన్యా అనే ఫాదరీ, రోడ్డు పనుల్లో మిగిలిన పసుపు రంగు తీసుకుని వీటిని గీయడం మొదలుపెట్టాడట. సాంతియాగో ఇంకెంత దూరమో చెప్పే రాళ్లమీద ఆల్చిప్ప బొమ్మ ఉంటుంది. ఈ యాత్రకు గుర్తు అదే. నడిచేవాళ్లు కూడా ఒక ఆల్చిప్పను సంచికి కట్టుకుంటారు. దాన్ని చూడగానే ఊళ్లోవాళ్లు “బ్వేన్ కామినో” అంటారు, దారి శుభంగా సాగాలని.

సారియా నుంచి నడిచేవాళ్లు రోజుకు కనీసం రెండుచోట్ల యాత్రా పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. చర్చిలో, కాఫీ హోటల్లో, బసలో ఎక్కడైనా వేస్తారు. పత్రం కోసం పెట్టిన నియమమే అయినా, ఫలానా మనిషి ఫలానా వేళకు ఇక్కడిదాకా వచ్చిందని నలుగురు చూసినట్టవుతుంది. ముందూ వెనకా కనుచూపుమేరలో ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు. ఇటీవలి ఏళ్లలో యాత్ర పూర్తిచేసేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే!

ఎవరి మూట వారిదే

సంచి బరువు మన బరువులో పదో వంతు మించకూడదంటారు. నాది ఆరు కిలోలు. రెండు జతల బట్టలు, వానకోటు, తువ్వాలు, మందులు. ఊరగాయ సీసా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉండిపోయింది. మన ప్రయాణాలు గుర్తు తెచ్చుకోండి. పిల్లల బట్టలు, ఆయన మాత్రలు, అందరి చిరుతిళ్లు ఆడవాళ్ల సంచీలోనే కదా! కేవలం నా సామాను మాత్రమే నేను మోయడం, చెప్పొద్దూ, పెళ్లయ్యాక అదే మొదటిసారి.

మొదటిరోజు మజిలీ పోర్తోమరీన్. పాత ఊరు 1960లలో కట్టిన ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. పాత చర్చిని మాత్రం రాయికి రాయి విప్పి కొండమీద మళ్లీ కట్టారు. మన శ్రీశైలం ముంపు నుంచి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించలేదూ, అలాగే. రాళ్లమీద వేసిన అంకెలు ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి.

బస చేసే సత్రాన్ని ‘అల్బెర్గె’ అంటారు. ప్రభుత్వ సత్రమైతే రాత్రికి సుమారు 10 యూరోలు. ఒకదానిపై ఒకటి మంచాలు, ఆడామగా అందరికీ ఒకే హాలు. మొదట నాకూ బెరుకే. కానీ పాతిక కిలోమీటర్లు నడిచినవాళ్లకు ఒళ్లు వాల్చడం తప్ప మరో ధ్యాస ఉండదు. రాత్రి పదింటికి దీపాలార్పేస్తారు. మొదటి రెండు రాత్రులూ రెండింటికి మెలకువ వచ్చింది. చుట్టూ ఇరవైమంది గురకలు. అందులో నేను లేచి చూడాల్సినవాళ్లు ఒక్కరూ లేరు. అటు తిరిగి పడుకున్నాను. మూడోరాత్రి వచ్చిందో లేదో నాకు తెలీదు, లేచేసరికి తెల్లారింది.

నడిచిన ఆడవాళ్లు నిన్నటివాళ్లు కాదు

ఎగేరియా అనే ఆవిడ 4వ శతాబ్దంలో జెరూసలేం యాత్ర చేసి, ఆ విశేషాలను తన ‘సోదరీమణులకు’ లేఖగా రాసింది. ఆమెది ఈ గలీసియా వైపే కావచ్చని పండితుల అంచనా. పద్నాలుగుమంది పిల్లల్ని కన్న మార్జరీ కెంప్ అనే ఇంగ్లాండు గృహిణి 1417లో ఓడెక్కి సాంతియాగో వచ్చింది. వాళ్లకి పసుపు బాణాలూ లేవు, ఫోన్లూ లేవు!

అయిదోరోజు మధ్యాహ్నం సాంతియాగో చేరాను. యాత్రికుల కార్యాలయంలో ముద్రలు చూశారు. ఎక్కణ్ణుంచి నడిచారు, ఎందుకు నడిచారు అని అడిగారు. పత్రం చేతికిచ్చారు. దాన్ని పట్టుకుని చర్చి ముందు రాతి పలకలమీద కాళ్లు చాపుకుని చాలాసేపు కూర్చున్నాను. అరికాళ్లలో రెండు బొబ్బలు. రాత్రి అమ్మాయికి ఫోన్ చేస్తే, “వచ్చే ఏడు నేనూ వస్తా” అంది. “రా, నీ సంచి నువ్వే మోసుకోవాలి” అన్నాను.

మీరూ వెళ్లాలనుకుంటే...

* షెంజెన్ వీసా కావాలి. మే, జూన్, సెప్టెంబరు నెలలు అనుకూలం. గలీసియాలో వానలెక్కువ, వానకోటు తప్పనిసరి. 2027 అక్కడ పవిత్ర సంవత్సరం, రద్దీ బాగా ఉంటుంది.

* శాకాహారులకు రొట్టె, జున్ను, వేయించిన పద్రోన్ మిరపకాయలు దొరుకుతాయి. కూరగాయల సూపులో మాంసం ఉండొచ్చు, అడిగి తీసుకోండి.

* సంచి మోయలేకపోతే కొద్ది డబ్బు తీసుకుని తర్వాతి బసకు చేర్చేవాళ్లున్నారు.

* తెల్లవారుజామున చీకట్లో ఒంటరిగా బయల్దేరవద్దు. ఆపదలో 112కి ఫోన్ చేయాలి.

* కొత్త బూట్లతో వెళ్లకండి. రెండు నెలల ముందే కొని, రోజూ గంటసేపు మీ వీధిలోనే నడవండి. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి!