తాళం సరే... గుట్టు భద్రమేనా?

డాలస్‌లో ఉన్న అమ్మాయి తన స్కానింగ్ ఫొటోను గుంటూరులోని అమ్మకు వాట్సప్‌లో పంపిందనుకోండి. కింద చిన్నమాట... 'మూడోనెల దాటేవరకూ ఎవరికీ చెప్పకమ్మా!' సముద్రాలు దాటి వచ్చే ఆ కబురును మధ్యలో ఎవరైనా చూసేస్తారా?

చూడలేరు. పంపేముందే అమ్మాయి ఫోను దాన్ని ఎవరికీ అర్థంకాని సంకేతాలుగా మార్చేస్తుంది. వాటిని విప్పే తాళంచెవి అమ్మ ఫోనులోనే ఉంటుంది. వాట్సప్ కంపెనీ దగ్గర కూడా ఉండదు. 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్' అంటే ఇదే.

తాళంచెవి చేతులు మారకుండా ఇదెలా సాధ్యం? 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ దారి చూపారు. తెరిచి ఉన్న తాళంకప్పను ఎవరికిచ్చినా ఫర్వాలేదు, చెవి మన దగ్గరుంటే చాలు. నొక్కి తాళం వేయడం అందరికీ వచ్చు, తీయడం మనకే సాధ్యం! ఇలాంటి ఆలోచన మీదే తయారైన సిగ్నల్ ప్రొటోకాల్‌ను 2016 ఏప్రిల్ నాటికి వాట్సప్ తన సందేశాలకూ కాల్స్‌కూ వర్తింపజేసింది.

అదే ఏడాది అమెరికాలో ఓ గ్రాండ్ జ్యూరీ, ఖాతా వివరాలివ్వమంటూ సిగ్నల్‌కు సమన్లు పంపింది. ఆ సంస్థ ఇవ్వగలిగినవి రెండే... ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సర్వర్‌తో ఎప్పుడు కలిశారు. సందేశాలా? తన దగ్గర లేనివి ఎలా ఇస్తుంది!

అన్ని యాప్‌లూ ఒకటి కాదు. టెలిగ్రామ్‌లో 'సీక్రెట్ చాట్' ఎంచుకుంటేనే ఈ తరహా తాళం పడుతుంది. పైగా తాళం దాచేది మాటల్నే. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్న ఆనవాళ్లను కాదు.

మరో సందు... బ్యాకప్! ఫోనులోని కబుర్ల నకలు గూగుల్ డ్రైవ్‌లోనో ఐక్లౌడ్‌లోనో చేరుతుంది. దానికీ తాళం వేసుకునే సదుపాయాన్ని వాట్సప్ 2021లో తెచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ పెట్టుకుంటే గుర్తుంచుకోవాలి సుమా! మరచిపోతే కంపెనీ కూడా తీసివ్వలేదు.

ఇన్ని చేశాక కూడా ఒక్క చిక్కు మిగిలే ఉంటుంది. అమ్మ సంతోషం పట్టలేక ఆ ఫొటోను 'మన కుటుంబం' గ్రూపులో పెట్టేస్తే? వాట్సప్ కంపెనీకే కనపడని ఫొటో వేలువిడిచిన మేనమామ దాకా చేరిపోతుంది. మర్నాడు పొద్దున్నే డాలస్‌కు ఫోన్లు మొదలు... 'ఏమ్మా, మాకు చెప్పనేలేదే!'