తప్పు దగ్గర వెలిగే దీపం

మూడేళ్ల పిల్లకు అక్షరాలు రావు. కీబోర్డు ముందు కూర్చోబెడితే ఏం చేయాలో తోచదు. కానీ ముందు చెప్పులు విప్పాలి, తర్వాత కాళ్లు కడుక్కోవాలి, ఆ తర్వాతే అన్నానికి కూర్చోవాలి అంటే చక్కగా అర్థమవుతుంది. పనులకు ఒక వరస ఉంటుందనీ, అది తప్పితే అంతా తారుమారవుతుందనీ ఆ వయసుకే తెలుసు. కోడింగ్‌కు పునాది ఇదే. మరి అక్షరాలు వచ్చేదాకా ఎందుకు ఆగాలి? 1970ల నడుమ అమెరికాలోని ఎంఐటీలో రేడియా పెర్ల్‌మన్ అనే యువ విద్యార్థిని ఈ ప్రశ్నను పట్టుకుని ఒక యంత్రం తయారుచేశారు. తెర అక్కర్లేకుండా కోడింగ్ నేర్పే నేటి బొమ్మలకు అదే ముత్తవ్వ.

ఆమె వచ్చేసరికే అక్కడొక తాబేలు ఉంది. 1967లో సేమర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జిగ్ తదితరులు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను రూపొందించారు. తర్వాత కొన్నేళ్లకు నేలమీద తిరిగే ఒక రోబో దానికి తోడైంది. పైన గుండ్రటి మూత, కింద చక్రాలు, నడిచిన దారిని గీసే కలం. బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ 1940ల చివర్లో చేసిన యంత్ర తాబేళ్ల వరసలో దీనికీ ఆ పేరే స్థిరపడింది. పాపర్ట్ అంతకుముందు జెనీవాలో మనస్తత్వవేత్త పియాజే దగ్గర పిల్లల ఆలోచనాతీరును చదివి వచ్చినవారు. పిల్లలు తమ ఒంటితోనే ఆలోచిస్తారని ఆయన నమ్మకం. తాబేలు ఎదురుగా వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమవుతుంది. అన్నం తినే చేయి కుడిచేయి అని అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు అది పెద్ద చిక్కు. ఏం చేస్తుంది? లేచి వెళ్లి తాబేలు వెనక, అది చూసే దిక్కుకే తిరిగి నిలబడుతుంది. తెరమీది బొమ్మ వెనకాల అలా నిలబడటం కుదరదు. ఈ బొమ్మల బలం సగం ఇక్కడే ఉంది.

అయితే లోగో ఆదేశాలను టైపు చేయాలి. బుజ్జి పిల్లలకు అడ్డు వస్తున్నది ఆలోచన కాదు, ఆ టైపింగే అని పెర్ల్‌మన్ గ్రహించారు. మొదట మీటల పెట్టె చేశారు. ముందుకు, వెనక్కి, కుడికి, ఎడమకి అని ఒక్కో పనికి ఒక్కో మీట. నొక్కితే తాబేలు వెంటనే కదులుతుంది. అది అలవాటయ్యాక, నొక్కినవన్నీ గుర్తుపెట్టుకుని తర్వాత చేసి చూపే మరో పెట్టెను దానికి జోడించారు. చిక్కు అక్కడే ఉంది. గుర్తుంచుకున్నది యంత్రం లోపల ఉండిపోతుంది. తాను ఏం చెప్పిందో పిల్ల చూసుకోలేదు.

దానికి జవాబే 1976లో ఆమె వివరించిన స్లాట్ మెషీన్. వరసగా గాడులున్న పొడవాటి పెట్టెలు, ఆ గాడుల్లో దోపే ప్లాస్టిక్ కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో ఆదేశపు బొమ్మ. కార్డులను వరసగా దోపి పెట్టెకున్న మీట నొక్కితే తాబేలు ఒక్కొక్కటే చేసుకుంటూ పోతుంది. ఏ ఆదేశం నడుస్తోందో ఆ కార్డు దగ్గర దీపం వెలుగుతుంది. తాబేలు పక్కదారి పట్టిన క్షణంలో దీపం ఏ కార్డు దగ్గరుందో చూస్తే చాలు, తప్పు దొరికినట్టే. ఆ ఒక్క కార్డు తీసి మరొకటి పెట్టొచ్చు, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

ఇంకో సంగతి నన్ను మరీ ఆకట్టుకుంటుంది. పెట్టెలకు వేర్వేరు రంగులుండేవి. ఒక వరసలో నీలం కార్డు పెడితే, నీలం పెట్టెలోని పనంతా చేయమని అర్థం. ఎర్ర పెట్టెలోనే ఎర్ర కార్డు పెడితే? ఆ పని తనను తానే మళ్లీ పిలుస్తూ ఆగకుండా సాగుతుంది. ఇంజినీరింగ్ విద్యార్థులు రికర్షన్ పేరుతో కుస్తీ పట్టే పాఠాన్ని బడికి పోని పిల్ల చేతికి అందేలా పెట్టారామె.

ఇంత గొప్ప పని ఎందుకు ఆగిపోయింది? చుట్టూ ఉన్నవాళ్లలో తానొక్కతే స్త్రీ కావడం, పని చూస్తే చిన్నపిల్లలతో కావడం వల్ల తనను శాస్త్రవేత్తగా ఎవరూ లెక్కచేయరని భయపడ్డానని ఆమె తర్వాతి కాలంలో చెప్పారు. ఆ తర్వాత ఆమె నెట్‌వర్కుల వైపు మళ్లారు. 1985లో ఆమె రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి కంప్యూటర్ నెట్‌వర్కుల నిర్మాణానికి ఆధారమైంది. నెట్‌వర్కులకు అది లాభమే. పసిపిల్లలకు మాత్రం తీరని నష్టం జరిగిందని నా బాధ.

1979లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ బిగ్ ట్రాక్ అనే ఆరు చక్రాల బండిని అమ్మకానికి పెట్టింది. వీపున మీటలు, పదహారు ఆదేశాల జ్ఞాపకం. సరదా బొమ్మే, కానీ ఆదేశాలు మళ్లీ లోపలే దాక్కున్నాయి. బ్రిటన్ బడుల్లో బాగా పాకిన బీ-బాట్ అనే తేనెటీగదీ ఇదే కథ. ఒక్కో అడుగుకు 15 సెంటీమీటర్లు పోతుంది, తిరిగితే సరిగ్గా 90 డిగ్రీలు తిరుగుతుంది. పాత ఆదేశాలను చెరిపే మీట నొక్కడం మరిచిపోతే కొత్తవి వాటి చివర చేరిపోతాయి. పిల్లలు దాన్ని తికమకగా చూస్తుంటారు. అందుకే టీచర్లు బాణం గుర్తుల కార్డులను ముందు నేలమీద పరిపించి, ఆ తర్వాతే మీటలు నొక్కిస్తారు. పెర్ల్‌మన్ కార్డులు వేరే దారిన తిరిగొచ్చాయన్నమాట.

ఆ ఆలోచనకు నిజమైన వారసులు గత పదేళ్ల పైచిలుకులో వచ్చారు. పాపర్ట్ శిష్యురాలు మరీనా బర్స్ పరిశోధనల్లోంచి కిబో అనే రోబో పుట్టింది. బార్‌కోడ్లున్న చెక్క దిమ్మెలను వరసగా పేర్చి, రోబోకున్న స్కానర్‌తో ఒక్కొక్కటీ చదివించాలి. లండన్‌లో తయారైన క్యూబెట్టో అనే బొమ్మలో ఒక చెక్క పలక మీద రంగు దిమ్మెలను అమర్చాలి. పన్నెండు గాడులు ప్రధాన వరసకు, నాలుగు గాడులు విడిగా పిలిచే చిన్న వరసకు. పెర్ల్‌మన్ రంగు పెట్టెల ఊహ ఇందులో అచ్చంగా కనిపిస్తుంది.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ బొమ్మల పెట్టెల మీద కూడా ‘తెర లేదు’ అన్న మాట పెద్దగా కనిపిస్తుంది. అదొక్కటే చూసి కొనడం నాకు సరిపోదనిపిస్తుంది. ఆట అయ్యాక కూడా పిల్ల ఇచ్చిన ఆదేశాలు కళ్లెదుట మిగులుతాయా, లేదా? నేనైతే ముందు అది చూస్తాను. ఇలాంటి చెక్క బొమ్మలు చాలా ఇళ్లకు అందని ధరలో ఉన్నాయి. అట్టముక్కల మీద బాణాలు గీసి, గచ్చు పలకలనే గళ్లుగా పెట్టుకుని ఇంట్లో ఒకరు రోబో కావచ్చు. పాటించాల్సింది ఒకటే. కార్డు ఏం చెబితే రోబో అదే చేయాలి. గోడ ఎదురైనా, పిల్ల మనసులో ఏముందో తెలిసినా, సొంతంగా సర్దుకుని పక్కకు తిరగకూడదు. గోడ దగ్గర ఆగిపోయి, ఎన్నో కార్డు నడుస్తోందో దాని మీద వేలు పెట్టి చూపాలి.