వరదనీటిలో మునిగిన కార్లు, కొనుగోలుదారుల హక్కులు

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగరము, పాయకాపురము మొదలగు పేటలను ముంచివేసిన సంగతిని పాఠకులు మరచియుండరు. మరునాడు ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులకు మించి పారినది. ఇండ్లలోని బియ్యముతోపాటు వీధులలో నిలిపియున్న కార్లును దినములతరబడి బురదనీట నానినవి. బియ్యమును పారవేసిరి. కార్ల నట్లు పారవేయువా రుండరుగదా! బీమా కంపెనీలు పరిహార మిచ్చిన బండ్లు వేలమునకు వచ్చుట, వానిని కొనినవారు కడిగి, బాగుచేసి, రంగు వేసి తిరిగి విక్రయించుట ఈ వ్యాపారమున నెల్లెడల నున్న పద్ధతియే. అందు తప్పు లేదు. మునిగినదని చెప్పక మంచిబండి వెలకు అంటగట్టుటయే తప్పు.

మన డెల్టా రైతు ఎద్దును కొనునప్పుడు పండ్లు పట్టి చూచును, సుడులు చూచును, కాడి కట్టి దున్నించి చూచును. అతడే ధాన్యపు సొమ్ము చేతికి రాగానే నాలుగైదు లక్షలు పెట్టి పాత కారు కొనునప్పుడు రంగు నిగనిగలాడుచున్నదని తృప్తిపడుచున్నాడు. సీటు బెల్టును తుదివరకు లాగి చూచినచో లోపలి కొసన బురదచార కనబడవచ్చును. సీట్ల క్రింది ఇనుప పట్టాల తుప్పు, తివాసీ క్రింది ముక్కవాసన, ముందు దీపముల లోపలి చెమ్మ కూడ సాక్ష్యము చెప్పును. విద్యుత్తు తీగెల అతుకులలో చేరిన తడి మాత్రము కంటి కగపడదు. అది నెలలు గడచిన పిమ్మట బండిని నడిరోడ్డున నిలిపివేయును. ఆటోనగరులో నమ్మకమైన మెకానిక్కునకు కూలి యిచ్చి ముందుగా చూపించుకొనుట దండుగ కాదు.

కొనువాడే చూచుకొనవలెనని వర్తకులు వాదించుచుందురు. 1930 వస్తు విక్రయ చట్టము 16వ సెక్షను ఆ సూత్రముతోనే ప్రారంభమగుచున్నది, నిజమే. కాని మినహాయింపులును అందే యున్నవి. అట్టి సరకుల వ్యాపారము చేయువానివద్ద వర్ణననుబట్టి కొనిన వస్తువు విక్రయయోగ్యమై యుండవలెను. కొనువాడు పరీక్షించినచో, ఆ పరీక్షలో తెలియదగిన లోపములకు మాత్రమే ఈ రక్షణ యుండదు. అతుకులలోని తడి అట్టి లోపము కాదని మా అభిప్రాయము. 1872 కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను ప్రకారము తెలిసిన నిజమును పనిగట్టుకొని దాచుట వంచన. వంచితుడు ఒప్పందమును రద్దుచేసికొనవచ్చును. అయితే ఊరక మాటాడకుండుట సాధారణముగా వంచన కాదనియు ఆ సెక్షనే చెప్పుచున్నది. కనుకనే “ఈ బండి వరదలో మునిగినదా?” యని అడిగి, జవాబును వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను.

వర్తకునివద్ద స్వంత వాడుకకై కొనినవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తాము నివసించు జిల్లాలోని కమిషనుకే ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండేండ్లు, చెల్లించిన వెల 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. పొరుగింటివాడు తన సొంత కారును అమ్మినచో ఈ మార్గము లేదు, సివిలు కోర్టే గతి. 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన కేంద్ర నిబంధనలనుబట్టి పాత బండ్ల వర్తకుడు రవాణాశాఖవారి అధికారపత్రమును పొందియుండవలెను. దానిని చూపుమని అడుగుటకు మొగమాట మేల?

బీమా కంపెనీలు పూర్తి నష్టముగా లెక్కకట్టిన ప్రతి వరదబండి సంగతియు రిజిస్ట్రేషను పత్రముపైననే కనబడునట్లు ప్రభుత్వమువారు చేయవలెనని మేము కోరుచున్నాము. బుడమేరులో మునిగిన బండి గుడివాడలోనో బందరులోనో అమ్మకమునకు వచ్చినప్పుడు, కొనువానికి ఆ విషయము బేరమునకు ముందే తెలియవలెను.