చివరి కుళాయిలో క్లోరిన్ ఉందా?

1908 సెప్టెంబరు 26. అమెరికాలోని జెర్సీ సిటీకి నీళ్లు పంపే బూంటన్ జలాశయం దగ్గర ఆ రోజు నుంచి బ్లీచింగ్ పౌడర్ ద్రావణం కలపడం మొదలుపెట్టారు. ఊళ్లోవాళ్లకు చెప్పలేదు. కోర్టును ముందుగా అడగలేదు. కలిపించింది జాన్ లీల్ అనే డాక్టరు, ఏర్పాట్లన్నీ రూపొందించింది జార్జి ఫుల్లర్ అనే ఇంజినీరు.

అప్పటికే కేసు నడుస్తోంది. నీళ్లు బాగాలేవని నగరం అంటుంది, బాగున్నాయని సరఫరా కంపెనీ అంటుంది. జలాశయంలోకి మురుగు రాకుండా కాలువలు కట్టాలంటే బోలెడు ఖర్చు. లీల్ ఆ కాలువల బదులు మందు పట్టుకొచ్చాడు. తాగే నీళ్లలో రసాయనమా అని నగరం మళ్లీ కోర్టుకెక్కింది. ఈ నీళ్లు మీరు తాగుతారా, ఇంట్లోవాళ్లకు పోస్తారా అని లాయరు నిలదీస్తే, నిరభ్యంతరంగా పోస్తానన్నాడు లీల్. 1910లో తీర్పు అతని పక్షానే వచ్చింది. బ్రిటన్‌లో టైఫాయిడ్ చెలరేగినప్పుడు క్లోరిన్ వాడిన సందర్భాలు అంతకు ముందే ఉన్నాయి. ఒక అమెరికా నగరానికి ఏడాది పొడవునా అదే రక్షణగా నిలవడం మాత్రం ఇక్కడే మొదలు.

ఆ పౌడరే ఇవాళ మన పంచాయతీ ట్యాంకుల్లోనూ పడుతోంది. అది నీళ్లలో కరిగితే హైపోక్లోరస్ ఆమ్లం పుడుతుంది. సూక్ష్మక్రిముల్ని చంపేది అదే. కనీసం అరగంట సమయం ఇవ్వాలి. నీళ్లలో క్షారగుణం పెరిగితే దాని పదును తగ్గుతుంది. మట్టి, చెత్త ఉంటే క్లోరిన్ వాటికే ఖర్చయిపోతుంది. అందుకే ముందు పటిక, తర్వాత ఇసుక ఫిల్టరు, ఆఖరున క్లోరిన్. వానలకు ఎర్రబారిన నీళ్లలో గుప్పెడు పౌడరు చల్లి చేతులు దులుపుకుంటే అది శుద్ధి కాదు, లెక్క చూపించుకోవడం. పౌడరైనా తాజాగా ఉండాలి. మూత సరిగా లేని బస్తాలో చెమ్మ తగిలితే క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది.

అసలు కిటుకు ట్యాంకు దగ్గర కాదు, ఆ తర్వాత ఉంది. క్రిములు చచ్చాక కూడా కొంత క్లోరిన్ నీళ్లలో మిగలాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలంటోంది భారత ప్రమాణాల సంస్థ. మనకు నీళ్లు రోజు విడిచి రోజు, పూటకో గంట వస్తాయి. మిగతా సమయమంతా పైపు ఖాళీ. ఖాళీ పైపుకు పగులు ఉండి పక్కనే మురుగుకాలువ ఉందంటే, ఆ మురుగును అది లోపలికి పీలుస్తుంది. అప్పుడు కాపాడేది ఆ మిగులే. కాబట్టి పరీక్షించాల్సింది ట్యాంకు కింద కుళాయిని కాదు, ఊరి చివరి వీధిలోదాన్ని. క్లోరోస్కోప్‌లో చుక్కలు వేసి రంగు చూడటానికి నిమిషాలు చాలు. ఎన్ని కిలోల పౌడరు వాడారన్నది రిజిస్టరులో ఉంటే సరిపోదు, ఆ రంగు కూడా ఎక్కాలి.

క్లోరిన్‌కు మచ్చ లేకపోలేదు. నీళ్లలోని సేంద్రియ పదార్థాలతో కలిసి అది ట్రైహాలోమీథేన్లను పుట్టిస్తుందని 1974లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త యోహానెస్ రూక్ బయటపెట్టాడు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌ను ఖాతరు చేయకుండా సుమారు 4 లక్షల మందిని మంచం పట్టించింది. అయినా ఉపఉత్పత్తుల భయంతో క్రిమిసంహారం తగ్గించొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా ఉద్దేశమూ అదే. విరేచనాల ముప్పు ఇవాళ్టిది, ఆ రసాయనాలది ఏళ్ల మీద తేలేది.

ఇక వాసన. క్లోరిన్ కంపు కొడుతోందని కుళాయి నీళ్లు మానేసి 20 లీటర్ల క్యాను తెప్పించుకుంటున్నాం. ఆర్వో ప్లాంట్లలో పొరకు చేటని క్లోరిన్‌ను ముందే తీసేస్తారు. అతినీలలోహిత కిరణాలు ప్లాంటు లోపల క్రిముల్ని చంపగలవు కానీ, నీళ్లలో వాటి జాడేమీ మిగలదు. క్యాను ఎన్నిసార్లు కడిగారో, అందులో ముంచిన గ్లాసు ఎవరి చేతిదో, ఆ నీళ్లకు అడ్డుపడేదంటూ ఏదీ ఉండదు.