మహానంది కోనేరు – లినక్స్ ప్యాకేజీలు

నల్లమల పాదాన వెలసిన మహానందిని చూడని వారు మన ప్రాంతమున అరుదు. ఎండకు పేరుపడిన ఈ సీమలో అచ్చటి ఊట తేటగా ఉబుకుచు, కోనేటిని నింపి, కాలువల గుండా వెడలి దిగువనున్న పొలాలను, అరటి తోటలను తడుపుచున్నది. ఆ ఆయకట్టు రైతు తన పొలంలో వేరొక ఊటను వెతుకడు. ఉన్న ఊటనే కాలువ ద్వారా తెచ్చుకొనును. లినక్స్ అను కంప్యూటరు వ్యవస్థలో ప్రోగ్రాములు మనకు చేరు విధానం ఇట్టిదే. దానిని విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు వివరించుటే మా ఉద్దేశ్యం.

ఈ చర్చకు ఇది తగిన సమయం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు హంగులు పాత యంత్రాలలో అనేకమునకు లేవు. చక్కగా పనిచేయుచున్న ఆ యంత్రాలను మూల పడవేయవలెనా, మరల వాడుకొనవలెనా అన్నదే ప్రశ్న.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించినాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వెలువరించినాడు. ఈ రెంటిని కూర్చి 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించినాడు. దాని ఆధారంగా 2004లో ఉబుంటు, ఉబుంటు ఆధారంగా 2006లో లినక్స్ మింట్ వచ్చినవి. మన తెలుగునాట 2005లో 'స్వేచ్ఛ' పేరుతో తెలుగు లినక్స్ వెలువడినది. వీనిని ఎవరైనను ఉచితంగా నకలు తీసి ఇతరులకు ఇయ్యవచ్చును.

ఇక ప్యాకేజీ అనగా ఏమి? ఒక ప్రోగ్రాముకు చెందిన ఫైళ్లన్నియు కట్టిన మూట. ఆ మూటపై ఒక చీటీ ఉండును: పేరు, సంఖ్య, పనిచేయుటకు తోడుగా కావలసిన ఇతర మూటల జాబితా. విందు వండదలచినవాడు బియ్యమొక్కటే తెచ్చిన చాలదు. ఉప్పు, నూనె కూడ కావలెను. ఇంట ఉప్పు ఇదివరకే ఉన్న మరల కొనడు. ఈ లెక్క చూచు పనిముట్టే ఆప్ట్. 1999 నాటి డెబియన్ 2.1 నుండి ఇది వాడుకలో ఉన్నది.

మనము ఒక ప్రోగ్రాము కోరగానే ఆప్ట్ మొదట భాండాగారపు జాబితాను చూచును. తోడు కావలసిన వానిలో లేని వానినే దింపుకొనును. జాబితాపై నిర్వాహకుల డిజిటల్ సంతకమును, మూట మధ్యలో మార్పు చెందలేదనియు సరిచూచును. అటుపిమ్మట డీపీకేజీ అను మరొక పనిముట్టు మూట విప్పి అమర్చును. లినక్స్ మింట్‌లో ఇదంతయు సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరపై ఒక మీట నొక్కిన జరుగును. యంత్రమంతటికి కావలసిన సవరణలు కూడ ఒకే చోటినుండి వచ్చును.

మన కళాశాలకు ఇందొక విశేష ప్రయోజనం కలదు. పోతన, వేమన తెలుగు అక్షరరూపాలు, నోటో నస్తాలీఖ్ ఉర్దూ అక్షరరూపం ఒకే భాండాగారమునుండి వచ్చి, ఒకే తెరపై ఇరుగుపొరుగుగా నిలుచును.

లోపములను దాచరాదు. ఉర్దూ పుటలు కూర్చు ఇన్‌పేజ్, వాణిజ్య విద్యార్థులకు కావలసిన ట్యాలీ విండోస్ కొరకు రూపొందినవి; వానికై కొన్ని యంత్రాలు వేరుగా ఉంచవలెను. తెలియని భాండాగారాలను చేర్చుట ప్రమాదకరం. అమరిక నడుమ కరెంటు పోయిన మూట సగములో నిలుచును. అప్పుడు డీపీకేజీ చేతనే మిగిలిన పని పూర్తి చేయించవలెను.

కమిటీ పెద్దలకు మా విన్నపం స్వల్పం. ముందుగా యూఎస్‌బీ నుండి లినక్స్‌ను నడిపి చూడవచ్చును. డిస్కుపై ఉన్నది చెరగదు. అది సరిపడిన పిమ్మట, ఒక పాత యంత్రంలో ఆప్ట్-కాషర్-ఎన్‌జీ అమర్చిన, ఒకసారి దిగిన మూట అచ్చటనే నిలిచి మిగిలిన యంత్రాలకు పంచబడును. ఇంటర్నెట్ భారము తగ్గును. అదియే మన ప్రయోగశాల కోనేరు. కాలువలు తీయు పని విద్యార్థులది. ఆ పనికి మేము సిద్ధముగా ఉన్నాము.