గేదె మీద కొంగ: వెలుగునూ ఫోకస్‌నూ చేతిలోకి తెచ్చుకోవడం

కోత అయిపోయిన మడిలో గేదె మేస్తుంటుంది, దాని వీపు మీద తెల్ల కొంగ నిలబడి ఉంటుంది. మన పల్లెల్లో రోజూ కనిపించే దృశ్యమే గానీ, ఆటోలో పెట్టిన కెమెరాకు ఇది చాలా కఠినమైన పరీక్ష. ఫొటో తీసి చూస్తే కొంగ ఉండాల్సిన చోట ఒక్క ఈకైనా కనిపించని తెల్ల మచ్చ ఉంటుంది. లేదా గేదె కొమ్ము గీత గీసినట్టు స్పష్టంగా వచ్చి, కొంగ ముఖం మసకగా ఉంటుంది. చాలామంది లెన్సును అనుమానిస్తారు, ఇంకా ఖరీదైనది కొనాలేమో అనుకుంటారు. నిజానికి ఆ కెమెరా తన పని సరిగ్గానే చేసింది. ఎదుట ఉన్నది సహజంగా తెల్లనిదో నల్లనిదో దానికి తెలియదు. మన మనసు కొంగ మీద ఉందో గేదె మీద ఉందో అంతకంటే తెలియదు. ఆ రెండూ మనమే చెప్పాలి.

ముందు వెలుగు సంగతి చూద్దాం. కెమెరాలోని లైట్ మీటరు వస్తువు మీద పడే వెలుగును కొలవదు, వస్తువు మీద పడి తిరిగి వచ్చిన వెలుగును కొలుస్తుంది. ఉతికి ఆరేసిన తెల్ల పంచె తన మీద పడ్డ వెలుగులో 80 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. నల్ల గొడుగు గుడ్డ పంపేది 4, 5 శాతం. నీడలో ఉన్న పంచె నుంచీ, ఎండలో ఉన్న గొడుగు నుంచీ వచ్చే వెలుగు ఇంచుమించు సమానం కావచ్చు. మీటరు కళ్లకు అప్పుడు రెండూ ఒకటే. దేన్నో ఒకదాన్ని ప్రమాణంగా పెట్టుకోక తప్పదు కనుక, తయారీదారులు మధ్యస్థమైన బూడిద రంగును పెట్టుకున్నారు. 18 శాతం వెలుగును తిప్పి పంపే బూడిద అని ఫొటోగ్రఫీ పుస్తకాలు చెబుతాయి. కెమెరాను బట్టి ఆ అంకె కొంచెం మారుతుంది. ఎదుట ఏమున్నా సరే, దాని సగటు ఆ బూడిద దగ్గరికి వచ్చేలా మీటరు లెక్క వేస్తుంది.

ఇది నమ్మడానికి ఒక చిన్న ప్రయోగం చాలు. ఎండలో తెల్ల పంచెనూ, నల్ల గొడుగునూ పక్కపక్కన పెట్టండి. కెమెరాను ఆటోలో ఉంచి, ముందు ఫ్రేము నిండా పంచె మాత్రమే వచ్చేలా ఒక ఫొటో, తర్వాత గొడుగు మాత్రమే వచ్చేలా ఇంకొకటి తీయండి. తెల్లది మురికిపట్టినట్టు, నల్లది వెలిసిపోయినట్టు, రెండూ బూడిదగా వస్తాయి. కెమెరా పట్టిన ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే ఈ ప్రయోగం చేయాలని నా అభిప్రాయం. పది పాఠాలు విన్నా రాని నమ్మకం ఈ రెండు ఫొటోలతో వస్తుంది.

దీనికి విరుగుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. కూడిక, తీసివేత గుర్తులు పక్కపక్కన ఉండే బటనో, చిన్న చక్రమో ప్రతి మంచి కెమెరాలోనూ ఉంటుంది. ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు, ఒక స్టాప్ తగ్గిస్తే సగం. ఫ్రేము నిండా పంచె ఉంటే ఒకటిన్నర స్టాపుల దాకా పెంచాలి, గొడుగు ఉంటే అంతే తగ్గించాలి. తెల్లదానికి వెలుగు పెంచడమేమిటని కొత్తవాళ్లు తికమకపడతారు. మీటరు దాన్ని బూడిదకు లాగేసింది కాబట్టి, మనం మళ్లీ తెలుపు దగ్గరికి తోస్తున్నామన్నమాట.

అయితే ఫ్రేములో కొంగ చిన్నదిగా, గేదె పెద్దదిగా ఉన్నప్పుడు లెక్క తలకిందులవుతుంది. మీటరుకు ఎక్కువ భాగం నలుపే కనిపిస్తుంది. చీకటిగా ఉందనుకుని అది వెలుగు పెంచుతుంది. గేదె బూడిద రంగుకు వస్తుంది, కొంగ మాడిపోతుంది. ఇక్కడ తగ్గించాలి, ఒక స్టాపో, ఒక్కోసారి రెండో. అదే కొంగ ఆకాశం ముందు ఎగురుతుంటే చుట్టూ ఉన్న కాంతికి మీటరు వెలుగు తగ్గిస్తుంది. అప్పుడు పెంచాలి. కాబట్టి తెల్లదానికి ఇంత, నల్లదానికి ఇంత అని బట్టీపట్టి లాభం లేదు. ఫ్రేములో ఎక్కువ చోటు దేనిదో చూసి, మీటరు ఎటు పొరబడుతుందో ఊహించాలి.

మీటరుతో పని లేని దారి కూడా ఉంది. ఎండ వెలుగు, మబ్బు లేని పగటిపూట పెద్దగా మారదు. లెన్సు ద్వారం ఎఫ్/16 దగ్గర ఉంచి, ఐఎస్ఓ 100 పెడితే సెకనులో 100వ వంతు షట్టర్ సరిపోతుందన్నది ఫిల్ము రోజుల నుంచీ ఉన్న సూత్రం. దాన్ని ఎఫ్/5.6కు మారిస్తే 800వ వంతు. తెల్ల పక్షి కనుక మరో స్టాప్ తగ్గించి 1600వ వంతు పెట్టి, మాన్యువల్ మోడ్‌లో వదిలేయండి. కొంగ గేదె మీద ఉన్నా, పచ్చటి వరి ముందు ఉన్నా, ఆకాశంలో ఉన్నా దాని మీద పడే ఎండ అదే కాబట్టి దాని తెలుపు కూడా అదే వస్తుంది. పొద్దున్నే, సాయంత్రం ఎండ మెత్తబడినప్పుడు మాత్రం షట్టర్ వేగం తగ్గించుకోవాలి. మీటరు లేకుండా తీయడం కొత్తేమీ కాదు. 1880ల నాటికి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం కొలువులో పేరు తెచ్చుకున్న రాజా దీనదయాళ్ చేతిలో ఎలక్ట్రిక్ మీటరు ఏదీ లేదు. అలాంటి మీటర్లు 1930లలో గానీ వాడుకలోకి రాలేదు. వెలుగును కంటితో అంచనా కట్టి గాజు పలకల మీద ఆయన తీసిన బొమ్మల్లో తెల్లరాతి మెట్ల మీది చెక్కడాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

కొంగ మాడిపోవడం గురించి ఎందుకింత పట్టుదల అంటే, ఆ నష్టం పూడేది కాదు. సెన్సర్ మీద లక్షలాది చిన్న గదులు ఉంటాయి. వాటి మీద పడ్డ వెలుగు ఎలక్ట్రాన్లుగా మారి ఆ గదుల్లో నిలుస్తుంది. గిన్నె నిండాక పోసిన పాలు పొర్లిపోయినట్టే, గది నిండాక వచ్చిన వెలుగుకు లెక్క ఉండదు. ఈక అంచుకూ ఈక మధ్యకూ ఉన్న తేడా ఆ పొర్లిన భాగంలోనే పోతుంది. మధ్య బూడిదకు పైన మామూలు జేపెగ్ ఫొటోలో మిగిలే చోటు సుమారు రెండున్నర, మూడు స్టాపులే. మంచి తెలుపుకు రెండుంపావు అక్కడే ఖర్చవుతుంది. అందుకే ఒక్క స్టాప్ ఎక్కువైనా ఈకలు పోతాయి. నీడల వైపు అంత ఇరుకు లేదు. రా ఫైలుగా తీస్తే గేదె చర్మంలోని ముడతలను తర్వాత కంప్యూటర్ మీద పైకి తీయవచ్చు. 1940 ప్రాంతంలో ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ సిస్టమ్ అనే ఎక్స్‌పోజర్ పద్ధతిని రూపొందించినప్పుడు నెగెటివ్ ఫిల్ముకు నీడలను ముందు కాపాడాలన్నారు. డిజిటల్‌లో కాపాడాల్సింది తెలుపును. తెర మీద వెలుగు పంపిణీని చూపే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్, కుడి అంచుకు గుద్దుకుంటోందా, హైలైట్ హెచ్చరిక మిణుకుమంటోందా అని ఫొటో తీయగానే చూసుకోండి.

ఐఎస్ఓ గురించి ఒక్క మాట. అది పెంచితే సెన్సర్‌కు కొత్తగా వెలుగేమీ రాదు, వచ్చిన సంకేతం పెద్దదవుతుంది, అంతే. పదివేల ఫోటాన్లు పడే చోట సహజమైన హెచ్చుతగ్గు వంద, అంటే 1 శాతం. వందే పడితే హెచ్చుతగ్గు పది, అంటే 10 శాతం. చీకట్లో తీసిన బొమ్మ ఇసుక చల్లినట్టు ఉండటానికి ప్రధాన కారణం ఇదే. అయినా కదిలిపోయిన బొమ్మ కంటే గరుకు బొమ్మ మేలు. షట్టర్ వేగం చాలనప్పుడు ఐఎస్ఓ పెంచడానికి భయపడకండి.

ఇక ఫోకస్. 300 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్/5.6 దగ్గర, 10 మీటర్ల దూరంలో ఉన్న గేదెను తీస్తున్నామనుకుందాం. మామూలు ఏపీఎస్-సి సెన్సర్ మీద స్పష్టంగా కనిపించే లోతు దాదాపు 25 సెంటీమీటర్లు. గేదె మన వైపు తిరిగి ఉంటే కొమ్ముకూ వీపు మధ్యకూ దూరం అంతకు ఎన్నో రెట్లు. అందుకే కొమ్ము మీద ఫోకస్ పడితే కొంగ మసకబారుతుంది. ఎఫ్/8కు మార్చినా లోతు 35 సెంటీమీటర్లకే పెరుగుతుంది. దానికి బదులు గేదె పక్కకు తిరిగి ఉన్నప్పుడు తీస్తే రెండూ ఒకే దూరంలో ఉంటాయి. మనం నాలుగడుగులు నడిస్తే తీరే సమస్య ఇది.

ఆటోఫోకస్ దూరాన్ని ఎలా పడుతుంది? 1985లో మినోల్టా 7000తో ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో స్థిరపడిన పద్ధతిలో, లెన్సు రెండు అంచుల గుండా వచ్చిన కిరణాలు విడివిడిగా రెండు బొమ్మలు వేస్తాయి. ఫోకస్ కుదిరితే అవి ఉండాల్సిన ఎడంలో ఉంటాయి. ఆ ఎడం ఎంత తప్పిందో, ఎటు తప్పిందో చూసి లెన్సును ఒకేసారి అక్కడికి తిప్పుతుంది కెమెరా. నేటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ పని సెన్సర్ మీదే జరుగుతుంది. అయితే ఆ రెండు బొమ్మలను పోల్చడానికి గీతో, అంచో, మచ్చో ఏదో ఒకటి ఉండాలి. నున్నటి నల్ల చర్మం మీద పాయింటు పెడితే లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది. కొంగ కన్ను, ముక్కు అంచు దానికి సులభంగా దొరుకుతాయి.

కాబట్టి ఫోకస్ పాయింట్లన్నీ కెమెరాకే వదిలేయకండి. వదిలితే అది చాలాసార్లు దగ్గరగా ఉన్నదాన్నీ, గట్టి గీతలున్నదాన్నీ పట్టుకుంటుంది. ఒకే పాయింటు ఎంచుకుని, దాన్ని కొంగ తల మీదికి జరపండి. గేదె నడుస్తుంటే సింగిల్ ఫోకస్ కాకుండా ఏఎఫ్-సి పెట్టాలి, కానన్ కెమెరాల్లో దీన్ని సర్వో అంటారు. షట్టర్ బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ లెన్సు ఆ దూరాన్ని వెంబడిస్తుంది. పక్షి కన్నును గుర్తుపట్టే కెమెరాలు కూడా ఇప్పుడున్నాయి, బాగా పనిచేస్తాయి. కొమ్మల చాటున, గడ్డి వెనుక అవి తడబడినప్పుడు మళ్లీ మన ఒక్క పాయింటే దిక్కు.

ఫోనుతో తీసేవారికి ఈ లోతు బాధ తక్కువ. దాని ప్రధాన లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి దాదాపు అన్నీ ఫోకస్‌లోనే ఉంటాయి. వెనుక మసక కావాలంటే సాఫ్ట్‌వేర్ వేయాల్సిందే. వెలుగు సమస్య మాత్రం అక్కడా ఉంది. తెర మీద కొంగను తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరిపి చూడండి.

కొత్త లెన్సుకు డబ్బు కూడబెడుతున్నవారికి నా మనవి ఒక్కటే. కొనే ముందు, ఇప్పుడున్న కెమెరాతోనే ఒక నెల రోజులు కాంపెన్సేషన్ చక్రాన్నీ, ఒక్క ఫోకస్ పాయింటునూ వాడి చూడండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనండి.